యంత్రాలకూ మడే!

మన ఇళ్ళల్లో స్విచ్చి కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది. అమెరికాలో పైకి ఎత్తితే వెలుగుతుంది. వినడానికి ఎంత చిన్న తేడా! కాని అమీర్‌పేటలో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి, కరెంటు పోయినా సరే తడుముకోకుండా అగ్గిపెట్టె అందుకోగలిగిన ఇల్లాలు, అక్కడ కూతురింట్లో అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచి గోడమీది మీటని కిందికీ కిందికీ నొక్కుతూ నిలబడిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో ఆవిడ మనసులో ఏమనుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? "దీపం వెలగలేదు" అనుకోదు. "నాకు చేతకాలేదు" అనుకుంటుంది.

ఈ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం వుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా పేటకీ ఈ సంగతికీ దగ్గర చుట్టరికమే వుంది. మైత్రీవనం చుట్టూ వున్న సందుల్లో 1990ల రెండో సగం నించీ కంప్యూటరు పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్లు పుట్టుకొచ్చాయి. జిల్లాల నించి వచ్చి, హాస్టళ్ళలో నలుగురేసి ఒక గదిలో సర్దుకుని, నీళ్ళ పప్పుచారు తిని చదువుకున్న పిల్లలు ఎంతమందో సముద్రాలు దాటారు. పిల్లలు దాటాక తల్లులు దాటక తప్పుతుందా? పురుళ్ళకీ, పుట్టినరోజులకీ, గృహప్రవేశాలకీ. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచారు. అంతకు ముందు వీసా కోసం చెన్నై దాకా పోవాల్సి వచ్చేది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకి తరలిపోయేదాకా, ఫైళ్ళు గుండెకి హత్తుకున్న పెద్దవాళ్ళు మా చుట్టుపక్కల వీధుల్లో తరచు కనిపించేవారు.

ఇక ప్రయాణపు ఏర్పాట్లంటారా, పంజగుట్ట దుకాణాలు ఒక చుట్టు చుట్టాల్సిందే. సూట్‌కేసులు, స్వెట్టర్లు, కందిపొడి, గోంగూర పచ్చడి, మనవడికి వెండి మొలతాడు. పెట్టె 23 కిలోలు దాటకుండా ఇంట్లో కాటా పెట్టి తూచి, ఒక ఆవకాయ పొట్లం తీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి... అంతా అయ్యాక చూస్తే ఒకటే మర్చిపోయి వుంటాం. అక్కడి ఇల్లెలా వుంటుందో ఎవరూ చెప్పరు. జావా నేర్పుతామనీ, ఇంకేవేవో నేర్పుతామనీ మా వీధి నిండా బోర్డులే. అక్కడి పొయ్యి వెలిగించడం నేర్పుతామన్న బోర్డు మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు!

మా చెల్లెలి ఇంట్లో మూడు నెలలున్నాను కనక ఆ వంటింటి సంగతి కొంత తెలుసు. ముందు లెక్కలే వేరు. మన కరెంటు 230 వోల్టులు, వాళ్ళది 120. ఇక్కడి మిక్సీ మోసుకెళ్తే అది అక్కడ నీరసంగా మూలుగుతుంది. గోడమీది పెట్టెలో "70" అని కనిపిస్తే మన గుండె జల్లుమంటుంది. అది ఫారన్‌హీటు, మన లెక్కలో 21 డిగ్రీలే. గాజుపలక పొయ్యి కట్టేశాక కూడా కాలుతూనే వుంటుంది, కాని కాలుతున్నట్టు కనిపించదు. గిన్నెలు తోమే మిషన్‌కి దాని సబ్బు దానికే వుంటుంది. చేత్తో తోముకునే సబ్బు అందులో పోస్తే వంటిల్లంతా నురగే. సింకు గొంతులో ఒక గ్రైండరు వుంటుంది. 1927లో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు ఆలోచన అది. మెతుకులూ తొక్కలూ నలిపి పంపిస్తుంది. ములక్కాడ పిప్పి పడిందంటే మాత్రం దానికి గొంతు పట్టేస్తుంది. ఇంగువ, ఎండుమిరపకాయలు వేసి కమ్మగా పోపు పెట్టామా, కప్పుమీది పొగగంట ఊరంతా వినబడేలా కేకలేస్తుంది. మన తాలింపు వాసన దాని దృష్టిలో ఇల్లు తగలబడటమే! మందు సీసా మూత కూడా తిన్నగా రాదు. అదిమి తిప్పాలి. పసిపిల్లలు తియ్యకూడదని అలా చేశారట. కీళ్ళనొప్పుల వేళ్ళతో పెద్దవాళ్ళూ తియ్యలేరు. నొప్పి మాత్ర ఆ సీసాలోనే వుంటుంది.

ఇదంతా చెప్పుకుని నవ్వుకోవచ్చు. అమెరికా నించి వచ్చినవాళ్ళు నలుగురు కలిస్తే ఈ కబుర్లే. అయితే నవ్వులన్నీ అయ్యాక మిగిలే ప్రశ్న ఒకటుంది. పరాయిచోట ఒక వస్తువు వాడటం రానంత మాత్రాన మనిషి విలువ తగ్గుతుందా? తగ్గదని అందరం గట్టిగానే అంటాం. మరి తగ్గినట్టు ఎందుకనిపిస్తుంది?

డొనాల్డ్ నార్మన్ అని ఒక అమెరికన్ ప్రొఫెసరు వున్నారు. మనస్తత్వశాస్త్రం ఆయన విద్య. ఆయన కొంతకాలం ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో వుండాల్సి వచ్చింది. అక్కడి దీపాల స్విచ్చులు, నీళ్ళ పంపులు, తలుపులు ఆయన్ని తెగ విసిగించాయి. ఆ విసుగులోంచి 1988లో ఒక పుస్తకం వచ్చింది. ఇప్పుడది 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్' అన్న పేరుతో ప్రపంచమంతా తెలుసు. ఆయన చెప్పేదేమిటంటే, వస్తువు వాడలేకపోతే మనం మనల్నే తిట్టుకుంటాం, కాని చాలాసార్లు తప్పు ఆ వస్తువును తయారుచేసినవాడిది. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో నాలుగు పొయ్యిల స్టవ్వు ఒకటి. పొయ్యిలు చతురంగా వుంటాయి, మీటలేమో ఒకే వరసలో వుంటాయి. ఏ మీట ఏ పొయ్యిదో ఎలా తెలుస్తుంది? కింద రాసుండాలి, లేదా గుర్తుండాలి. ఇది చదివినప్పుడు నాకెంత ఉపశమనం కలిగిందో చెప్పలేను. ఒక ప్రొఫెసరుకి పరాయిదేశంలో నీళ్ళ పంపు అర్థం కాకపోతే పుస్తకమైంది. మన పిన్నికి అర్థం కాకపోతే అది ఇంటిల్లిపాదీ చెప్పుకునే నవ్వులాటైంది!

యంత్రం మన ముందు ఓడిపోయిన సందర్భాలూ లేకపోలేదు. 1960ల మొదట్లో బొంబాయిలో ఒక ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ పాడైపోయింది. మన పప్పులు, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి దాని వల్ల కాలేదు. మెత్తటి కేకుపిండి కలుపుకోవడానికి చేసింది, మన మసాలా నూరమంటే ఏం నూరుతుంది? అప్పుడా ఇంజనీరు, సత్యప్రకాశ్ మాథుర్, భార్య వంటకి తట్టుకునే మోటారుతో మిక్సీ తయారుచేశాడు. అదే 'సుమీత్'. మన అమ్మలు చాలామంది రుబ్బురోలు వదిలి చేరింది దాని దగ్గరికే. ఆ ఇల్లాలిని "నీకు మిక్సీ వాడటం రాదు" అని వుంటే అక్కడితో అయిపోయేది. మిక్సీకే మన వంట రాదని ఆ భర్తకి తోచింది. ఎవరు ఎవరికి తగ్గట్టు మారాలన్న ప్రశ్నకి ఇలాంటి జవాబు కూడా వుంటుందన్న మాట.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా అపార్ట్‌మెంటులో ఒక పిన్నిగారున్నారు. కూతురి పురిటికి వెళ్ళారు. ఆర్నెల్లు వుండి వస్తానన్న మనిషి నాలుగో నెలకే తిరిగొచ్చేశారు. అడిగినవాళ్ళందరికీ "చలమ్మా, మోకాళ్ళు పట్టేశాయి" అన్నారు. ఒకరోజు సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగుతూ, ఎవరినీ నిందించకుండా, చాలా మామూలుగా ఒక మాటన్నారు. "మా అమ్మాయి బంగారమే. నన్నొక్క పనీ చెయ్యనివ్వలేదు. 'అమ్మా, నువ్వేం ముట్టుకోకు' అనేది. పొయ్యి ముట్టుకోకు, కాలుతుంది. మిషన్ ముట్టుకోకు, పాడవుతుంది. తలుపు ముట్టుకోకు, అలారం మోగుతుంది. నాలుగు నెలలు సోఫాలో కూర్చున్నాను. మనవరాలికి నీళ్ళు పోయడానికి కూడా, పంపు ఎటు తిప్పితే వేడినీళ్ళొస్తాయో తెలియక అల్లుడి కోసం చూసేదాన్ని."

ముట్టుకోకు! ఈ మాట మనకి కొత్త కాదు. మన చిన్నప్పుడు మడి కట్టుకున్న బామ్మలు అనేవాళ్ళు. పొయ్యి దగ్గరికి రాకు, బిందె ముట్టుకోకు, ఆరేసిన చీర ముట్టుకోకు. నెలకి మూడు రోజులు ఇంటి ఆడవాళ్ళనే వాకిట్లో కూర్చోబెట్టేవాళ్ళు. చదువుకున్నాం, అదంతా అన్యాయమన్నాం, పోరాడి వదిలించుకున్నాం. అయితే 'ముట్టుకోకు' మాత్రం ఇల్లు వదిలి పోలేదు. మనిషి నించి లేచి యంత్రం మీద కూర్చుంది. ఇప్పుడు గిన్నెల మిషన్ మడి కట్టుకుంది. తెలియనివాళ్ళ చెయ్యి తగిలితే మైలపడిపోతుంది!

కూతురి తరపున కూడా మాట్లాడకపోతే న్యాయం కాదు. ఆ పిల్లకి పచ్చి బాలింతరాలి నీరసం, పొద్దున్నే ఆఫీసు మీటింగు, సగం నిద్ర. అక్కడ మిషన్ చెడిపోతే మన వీధి చివరి మెకానిక్కు సైకిలు మీద రాడు. వచ్చినవాడు గుమ్మంలో అడుగుపెట్టినందుకే డాలర్లు పుచ్చుకుంటాడు. కొన్ని అపార్ట్‌మెంట్లలో పొగగంట మోగితే ఫైరింజనే వచ్చి వాకిట్లో నిలుస్తుంది. అన్నిటికీ మించి అమ్మ చెయ్యి కాలుతుందేమోనన్న బెంగ. "ఇన్నాళ్ళూ చాకిరీ చేసింది, ఇక్కడైనా కాలు మీద కాలేసుకుని కూర్చోనీ" అన్న ప్రేమ. ఆ 'ముట్టుకోకు'లో వున్నది నూటికి తొంభైపాళ్ళు ప్రేమే. కాదనను. మన బామ్మలదీ ద్వేషం కాదుగా! వాళ్ళూ ప్రేమగానే, ఆచారమనే అన్నారు. అన్నవాళ్ళ మనసులో ప్రేమ వున్నంత మాత్రాన విన్నవాళ్ళ చెయ్యి తేలికవుతుందా? ఒళ్ళో పెట్టుకున్న ఖాళీచేతులు ఎంత బరువుగా వుంటాయో పని చేసుకు బతికిన మనిషికే తెలుస్తుంది.

నన్నడిగితే ఇందులో మూడు రకాల భయాలున్నాయి. మనం మూటికీ ఒకటే మాట వాడుతున్నాం. ఒకటి, ప్రాణభయం. కాలే పొయ్యి, కరెంటు, గ్యాసు. అక్కడ 'ముట్టుకోకు' అనడం ధర్మం. అనకపోతేనే తప్పు. రెండోది, వస్తువుకి నష్టం. పసుపుచెయ్యి తగిలి తెల్ల ప్లాస్టిక్ డబ్బా పచ్చబడుతుంది, వేడికి నూలుచీర కుంచించుకుపోతుంది, గాజుగిన్నె పగులుతుంది. అక్కడ ఒక క్షణం ఆగి లెక్క చూసుకోవాలి. ఆ గిన్నె ఖరీదు ఎక్కువా, అమ్మ ముఖం ఖరీదు ఎక్కువా అని. మూడోది, ఉత్త ఆలస్యం. "నేను రెండు నిమిషాల్లో చేసేదానికి నీకు అరగంట చెప్పాలి." ఈ మూడోదానికి ఏ సమర్థనా లేదు. మనకి చెంచా పట్టుకోవడం, చెప్పుల బెల్టు పెట్టుకోవడం నేర్పడానికి ఆ తల్లి ఎన్ని అరగంటలు పెట్టిందో ఎవరైనా లెక్క రాశారా? అన్నం సగం నేలపాలు చేస్తున్నా చెంచా మన చేతిలోనే వుంచింది.

చెప్పడం వేరు, చేతిలోంచి లాక్కుని చేసి చూపించడం వేరు. "ఇలా ఇవ్వు, నేను చేస్తాను" అన్నప్పుడు పని అయిపోతుంది, పాఠం మాత్రం అక్కడే ఆగిపోతుంది. రెండోసారి అడగడానికి నోరు రాదు. మూడోసారి ఆ వస్తువు దగ్గరికే వెళ్ళబుద్ధి కాదు. "నాకెందుకులే ఈ గొడవలు" అన్న మాట అలాగే పుడుతుంది. బయటికి అది వైరాగ్యంలా వినిపిస్తుంది. లోపల వున్నది చిన్నబుచ్చుకోవడం.

పెద్దవాళ్ళకీ ఒక బాధ్యత లేకపోలేదు. "మా కాలంలో ఇవేవీ లేకుండానే పదిమందికి వండాం" అని విసురు విసిరి, నేర్చుకోకుండా తప్పించుకోవడం ఒక రకం గర్వమే. తెలియనిది పిల్లల్ని అడగడానికి బిడియమెందుకు? గురువు మనకన్నా చిన్నవాడైతే విద్య మైలపడుతుందా? ఆరేళ్ళ మనవరాలు పక్కన నిలబడి "అమ్మమ్మా, గ్రీన్ బటన్!" అంటే, ఆ బటన్ నొక్కి, "నా తల్లే!" అని ముద్దుపెట్టుకోగలిగిన అమ్మమ్మకి ఏ దేశమూ పరాయిది కాదు.

ఇందులో ఇంకో విచిత్రం గమనించారా? ఈ చిన్నబోవడం ఆడవాళ్ళకే. అదే విమానంలో, అదే వరసలో కూర్చుని వెళ్ళిన బాబాయిగారికి పొయ్యి వెలిగించడం రాదని దిగులు లేదు. ఇక్కడా వెలిగించలేదు కనక అక్కడా వెలిగించక్కర్లేదు. ఆయన గౌరవం ఎన్నడూ వంటింట్లో కుదవపెట్టలేదు మరి! పిన్ని గౌరవమంతా అక్కడే వుంది. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో ఆవిడకి తెలియడమే ఆవిడ అధికారం, ఆవిడ ఉద్యోగం, ఆవిడ ఆస్తి. ఆ వంటింటి నించి దూరం చేస్తే విశ్రాంతి ఇచ్చామనుకుంటాం గాని, ఆవిడకి అది ఉద్యోగం ఊడినట్టు. ఇంకా తమాషా ఏమిటంటే, ఇక్కడ తిన్న కంచం తియ్యని మగవాళ్ళు కొందరు అక్కడ గిన్నెల మిషన్‌లో కంచాలు ఎంతో శ్రద్ధగా సర్దుతారు. ఏ గిన్నె పైవరసో, ఏది కిందివరసో ఆవిడకి ఉపన్యాసం కూడా ఇస్తారు. తోమడమైతే ఆడపని, మీట నొక్కడమైతే ఇంజనీరింగు!

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాసింది. అమ్మకి ఇంకాస్త పని అని పేరులోనే వుంది. ఇంటి యంత్రాలు వచ్చి ఇల్లాలి చాకిరీ తగ్గించాయని అందరం అనుకుంటాం కదా, ఆవిడ పాత చరిత్ర తవ్వి చూసింది. కట్టెలు కొట్టే మగవాడి పని పోయింది, నీళ్ళు మోసే పిల్లల పని పోయింది, పనిమనిషీ పోయింది. అందరి పనీ తగ్గి అన్నీ ఇల్లాలి ఒక్కదాని చేతికే వచ్చాయి. బట్టలుతికే మిషన్ వచ్చాక చొక్కా రోజుకొకటి మారింది. మరక వున్నా సరిపెట్టుకునే ఇల్లు తళతళలాడాల్సి వచ్చింది. అందుకే అక్కడ మన అమ్మాయిలు అన్ని మిషన్లున్నా పొద్దున్నించి రాత్రిదాకా పరుగులు పెడుతుంటే, "మీకేమమ్మా, అన్నీ మీటలేగా" అనకూడదు. మీటలున్నా నొక్కేది ఆ పిల్ల ఒక్కతే. తల్లి చేతికి రెండు మీటలు అప్పగిస్తే ఇద్దరికీ మేలు.

గిన్నెల మిషన్ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. ఇల్లినాయ్ రాష్ట్రంలో జోసెఫీన్ కాక్రన్ అని ఒక సంపన్నురాలు వుండేది. ఆవిడ పింగాణీ పళ్ళేలు పనివాళ్ళు తోమేటప్పుడు అంచులు విరుగుతున్నాయని బాధపడేదట. భర్త పోయాక, అప్పులు మీదపడ్డాక, పట్టుబట్టి ఒక మిషన్ తయారుచేయించి 1886లో పేటెంటు తీసుకుంది. 1893 చికాగో ప్రదర్శనలో దాన్ని చూపించింది. ఒంటరి ఆడది ఆ రోజుల్లో అంత సాధించడం గొప్పే, చేతులెత్తి నమస్కరించాలి. కాని ఆ మిషన్ మొదలైంది ఎక్కడ? "నీ చేతిని నేను నమ్మను" అన్న చోట. ఎవరి చేతిని? పనివాళ్ళ చేతిని.

ఇక్కడే మనం కాస్త అమీర్‌పేటకి తిరిగి రావాలి.

మన ఇళ్ళకి పనికొచ్చే అమ్మాయిలు మహబూబ్‌నగర్ వైపు నించో, శ్రీకాకుళం నించో వలస వచ్చినవాళ్ళు. వాళ్ళకి మన ఇల్లే అమెరికా. ఒక ఇంట్లో పొయ్యి తిప్పితే వెలుగుతుంది, ఇంకో ఇంట్లో అగ్గి కావాలి, మూడో ఇంట్లో నొక్కితే కూత పెట్టే నల్ల పలక. రోజుకి నాలుగిళ్ళు, నాలుగు దేశాలు. వాళ్ళకి మనం మొట్టమొదట చెప్పే మాటేమిటి? "ఆ మిషన్ జోలికి పోకు." ఆ పిల్ల చేతికి మన పసిబిడ్డనిస్తాం, తాళంచెవులిస్తాం, జ్వరంతో వున్న అత్తగారిని అప్పగించి ఆఫీసుకు వెళ్తాం. వాషింగ్ మెషిన్ మాత్రం ఇవ్వం! అదే పిల్ల తన ఫోన్‌లో ఊళ్ళో తల్లికి డబ్బు పంపుతుంది, తమ్ముడి పరీక్ష ఫలితం చూస్తుంది. వేళ్ళకి తెలివి లేక కాదు. ఆ వేళ్ళు మనవి కావన్నదే మన అడ్డు. కూతురింట్లో 'ముట్టుకోకు' అనిపించుకుని కన్నీళ్ళు పెట్టుకున్న తల్లి, తిరిగొచ్చి తన పనిమనిషిని అదే మాట అంటే, ఆ కన్నీళ్ళు వృథా అయినట్టే.

మా పిన్నిగారివి వృథా కాలేదు. వచ్చిన వారానికే పనమ్మాయిని మిషన్ దగ్గరికి పిలిచి, "ఇవాళ నువ్వు తిప్పు" అన్నారు. ఆ పిల్ల చెయ్యి కొంగులో దాచుకుని వెనక్కి తగ్గింది. "ఖరాబైతే నన్ననొద్దమ్మా" అంది. "అనను. చెడిపోతే బాగు చేయిస్తాను" అన్నారు పిన్నిగారు. నాలుగు నెలలు సోఫాలో కూర్చుని తను వినాలనుకున్న మాట అదే అయివుంటుంది. ఎదురింటావిడ మాత్రం "అలుసివ్వకండి పిన్నిగారూ, రేపు నెత్తికెక్కుతారు" అని హితవు చెప్పింది. చేతికి ఒక మీట ఇస్తే నెత్తికెక్కేంత ఎత్తున వున్నామా మనం?

అమీర్‌పేట మెట్రో స్టేషను 2017 నవంబరులో తెరిచిన కొత్తలో నేనొక సంగతి గమనించేదాన్ని. కదిలే మెట్ల ముందు ఊళ్ళ నించి వచ్చిన ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుని నిలబడిపోయేవారు. వెనక జనం. కొందరు విసుక్కుంటూ పక్కనించి దాటిపోయేవారు. కొందరు చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళేవారు. ఎప్పుడో ఒకరు మాత్రం పక్కన నిలబడి, "పసుపుగీత చూసి అడుగెయ్యండి, నేను పక్కనే వున్నా" అనేవారు. ఎక్కించిందీ ఆ ఒక్కరే, ఎక్కడం నేర్పిందీ ఆ ఒక్కరే. మొదటివాళ్ళు చెడ్డవాళ్ళనను, రైలు తొందర వాళ్ళది. రెండోవాళ్ళూ సాయం చేశామనే అనుకుని వుంటారు. కాని ఆ పెద్దావిడ మర్నాడు ఒంటరిగా వస్తే ఎలా ఎక్కుతుంది?

కాబట్టి అమెరికా వెళ్ళే తల్లులకి నా సలహా ఒక్కటే. దిగిన మర్నాడే కూతురినో కోడలినో కూర్చోబెట్టి, "ఇల్లు చూపించు, మీటలు నేనే నొక్కుతాను" అనండి. పొయ్యి, గిన్నెల మిషన్, స్నానాలగది పంపు, తలుపు తాళం, అవసరానికి 911. ఈ అయిదూ చాలు. అన్నిటికీ తెలుగులో చీటీలు రాసి అతికించుకోండి, ఎవరూ నవ్వరు. నవ్వినా చీటీ చిరిగిపోదు. పిలిపించుకునే పిల్లలకి కూడా ఒక్క మాటే. అమ్మ కోసం గది సిద్ధం చేస్తారు, దుప్పటి కొంటారు. వాటితోపాటు రెండు గ్లాసులు, ఒక గిన్నె పగలడానికని లెక్కలో రాసేసుకోండి.

ఇది ఎవరో పెద్దవాళ్ళ గొడవలెమ్మని ఇంకా నలభైల్లో వున్న నాలాంటివాళ్ళు అనుకుంటే పొరపాటు. మన వంతు అప్పుడే మొదలైంది. మొన్న పంజగుట్టలో ఆటో కోసం ఫోన్‌లో ఏదో కొత్తగా మారిన తెర చూసి నేను ఒక్క క్షణం ఆగానో లేదో, మా అబ్బాయి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తా."

ఫోను ఇవ్వలేదు. "నువ్వు చెప్పు, నేను నొక్కుతాను" అన్నాను. వాడు నిట్టూర్చాడు గాని చెప్పాడు. రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆటో వచ్చింది, ఎక్కాం.